జారిన లెన్స్‌లో శుక్లం: పరీక్ష గది నుంచి చివరి కుట్టు దాకా

మామూలు శుక్లం ఆపరేషన్లు చేతికి అలవాటయ్యాక యువ సర్జన్‌కు మళ్ళీ చెమటలు పట్టించేది స్థానం తప్పిన లెన్స్. ఫేకో (అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని పగలగొట్టి పీల్చేసే పద్ధతి), చిన్నకోత ఆపరేషన్లు సొంతంగా చేస్తూ ఇలాంటి కేసుల్లోకి దిగబోతున్న మన ప్రాంతపు కంటి డాక్టర్ల కోసం ఇది రాస్తున్నాను. రోగి తాలూకు వాళ్ళు చదివినా మంచిదే. అరగంటలో అయిపోవాల్సిన ఆపరేషన్ రెండు గంటలు ఎందుకు పట్టిందో, డాక్టర్ ముందే అన్ని సంతకాలు ఎందుకు అడిగారో తెలుస్తుంది.

కంట్లోని లెన్స్ ఒక పల్చని సంచిలో ఉంటుంది. దాన్నే కాప్సూల్ అనీ బ్యాగ్ అనీ అంటాం. ఆ సంచిని చుట్టూ సన్నని పోగులు పట్టుకుని ఉంటాయి. వాటినే జోన్యూల్స్ అంటాం. నులక మంచానికి ఒక పక్క తాళ్ళు తెగితే బరువంతా మిగిలిన తాళ్ళ మీద పడుతుంది. ఇక్కడా అంతే. కాబట్టి కోత దగ్గర్నుంచి కుట్టు దాకా ప్రతి అడుగులోనూ వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇప్పుడు నేను ఏ పోగుల్ని లాగుతున్నాను? కింద చెప్పిన పద్ధతులన్నీ ఆ ప్రశ్నకు జవాబులే.

మొదటి అడుగు: కారణం పట్టుకోండి

తిరుపతి, చిత్తూరు ఓపీల్లో ఇలాంటి కళ్ళు ముఖ్యంగా మూడు దారుల్లో వస్తాయి.

ఒకటి దెబ్బ. పాలు పితికేటప్పుడు తగిలిన ఆవు కొమ్ము, కనుమనాడు రంగంపేట లాంటి ఊళ్ళలో పశువుల పండుగ తోపులాట, మామిడి కోతల్లో పైనుంచి పడ్డ తోతాపురి కాయ, వీధి క్రికెట్‌లో బంతి. దెబ్బ తగిలి ఎన్నేళ్ళయిందో రోగికి గుర్తుండకపోవచ్చు. "చిన్నప్పుడు ఎప్పుడైనా కంటికి దెబ్బ తగిలిందా?" అని మీరే అడగాలి. దెబ్బ కేసులో పోగులు ఒక పక్క తెగి ఉంటాయి, మిగతావి సాధారణంగా గట్టిగానే ఉంటాయి. సర్జన్‌కు అది కొంత అనుకూలం.

రెండోది సూడోఎక్స్‌ఫోలియేషన్. పెద్దవాళ్ళలో కంటిపాప అంచున, లెన్స్ ముందు పొర మీద తెల్లటి పొట్టు పేరుకుంటుంది. పాప సరిగా విచ్చుకోదు, కంటి ప్రెషర్ పెరిగి ఉండొచ్చు. ఇక్కడ పోగులు ఒక పక్క కాదు, చుట్టూ బలహీనపడతాయి. బలహీనత ఏళ్ళ తరబడి పెరుగుతూనే ఉంటుంది. లెన్స్ మధ్యలోనే కనిపిస్తుంది, కానీ రెక్సిస్, అంటే లెన్స్ ముందు పొరను గుండ్రంగా తెరిచే పని, మొదలుపెట్టగానే మొత్తం ఊగుతుంది. నా దృష్టిలో అన్నిటికంటే మోసం చేసేది ఇదే, ఎందుకంటే మీరు మామూలు కేసనుకుని మొదలుపెడతారు.

మూడోది పుట్టుకతో వచ్చేవి. వయసుకు మించి పొడుగ్గా, సన్నగా, పొడవైన వేళ్ళతో ఉన్న పిల్లాడిలో లెన్స్ పైకి, బయటి వైపుకి జారి ఉంటే మార్ఫాన్ సిండ్రోమ్ గుర్తుకు రావాలి. ఫైబ్రిలిన్-1 అనే ప్రొటీన్ తయారుచేసే జన్యువులో లోపం దానికి మూలం. కిందికి, ముక్కు వైపుకి జారితే హోమోసిస్టిన్యూరియాను అనుమానించాలి. జారిన దిక్కు ఒక సూచన మాత్రమే, దాన్నిబట్టే జబ్బు తేల్చేయకూడదు. హోమోసిస్టిన్యూరియా తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపభూయిష్టమైన జన్యువు వస్తేనే బయటపడుతుంది. మేనరికాలు, మేనమామ పెళ్ళిళ్ళు ఇంకా ఉన్న మన సీమలో "మీది దగ్గర సంబంధమా?" అన్న ప్రశ్న కేస్‌షీట్‌లో తప్పకుండా ఉండాలి. పొట్టిగా, పొట్టి వేళ్ళతో ఉండి లెన్స్ చిన్నగా గుండ్రంగా కనిపిస్తే వైల్-మార్కెసాని సిండ్రోమ్.

కారణం తెలియడం చదువు కోసం కాదు, ప్రాణం కోసం. మార్ఫాన్ ఉన్నవాళ్ళకు గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని వాచి ఉండొచ్చు. ఎకో (గుండె స్కాన్) తీయించకుండా టేబుల్ మీద పడుకోబెట్టకండి. స్విమ్స్‌లోనో మరోచోటో గుండె డాక్టర్ చూసి సరేనన్నాకే ముందుకెళ్ళాలి. హోమోసిస్టిన్యూరియాలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ, పూర్తి మత్తులో అది ఇంకా పెరుగుతుంది. రక్తంలో హోమోసిస్టీన్ ఎంతుందో చూసి, మత్తు డాక్టర్‌కు ముందే చెప్పి, ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోవాలి.

రెండో అడుగు: కూర్చోబెట్టి ఒకసారి, పడుకోబెట్టి ఒకసారి

పాప విప్పకముందే స్లిట్‌ల్యాంప్ దగ్గర కూర్చోబెట్టి, కన్ను అటూ ఇటూ తిప్పి ఆపమనండి. ఐరిస్ (పాప చుట్టూ ఉండే రంగు పొర) వణుకుతోందా, లెన్స్ వణుకుతోందా చూడండి. చుక్కల మందు వేశాక ఈ వణుకు తగ్గిపోతుంది. చాలామంది దాటవేసే పని ఇదే. ముందు గది, అంటే కంటి ముందరి పారదర్శక పొర కార్నియాకూ ఐరిస్‌కూ మధ్య చోటు, ఒక పక్క లోతుగా, ఇంకో పక్క తక్కువగా ఉన్నా అదొక ఆనవాలు.

పాప విచ్చాక లెన్స్ అంచు ఎక్కడ కనిపిస్తోంది, ఎన్ని గంటల మేర పోగులు లేవు అన్నది బొమ్మ గీసి పెట్టుకోండి. గడియారం లెక్కలో ఒక గంట అంటే 30 డిగ్రీలు. పోగులు తెగాయా, సాగి ఉన్నాయా అన్నది కూడా రాయండి. కంటి వెనుక భాగాన్ని నింపి ఉండే విట్రియస్ జెల్ ముందు గదిలోకి వచ్చిందేమో చూడండి.

తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి మళ్ళీ చూడండి. కూర్చున్నప్పుడు మధ్యలో కనిపించిన లెన్స్ పడుకోగానే వెనక్కి వాలిపోవచ్చు. టేబుల్ మీద మీకు కనిపించేది ఆ రెండో దృశ్యమే.

కంటి ప్రెషర్, గోనియోస్కోపీ (కంటి ద్రవం బయటికి పోయే కోణం పరీక్ష), కార్నియా లోపలి కణాల లెక్క, కంటి పొడవు అన్నీ నోట్ చేసుకోవాలి. శుక్లం ముదిరి రెటీనా కనిపించకపోతే బి-స్కాన్ (కంటి అల్ట్రాసౌండ్) తప్పనిసరి. దెబ్బ తగిలిన కంటిలో రెటీనా చిరుగు ఉంటే ముందు దాని సంగతి తేల్చాలి. యూబీఎం (కంటి ముందు భాగాన్ని చూపే అల్ట్రాసౌండ్) అందుబాటులో ఉంటే ఐరిస్ చాటున ఉన్న పోగుల పరిస్థితి తెలుస్తుంది.

అసలు ఆపరేషన్ అవసరమా అన్నది కూడా ఇక్కడే తేలాలి. లెన్స్ కొంచెం జారినా పారదర్శకంగా ఉండి, అద్దాలతో చూపు బాగుంటే వదిలేయండి. పిల్లల్లో లెన్స్ ఉన్న భాగం గుండా ఒకసారి, లెన్స్ లేని ఖాళీ గుండా ఒకసారి పవర్ చూడండి. రెండింట్లో ఏదీ పనిచేయకపోతే ఆలస్యం వద్దు. ఆ వయసులో కన్ను బద్ధకంగా మారితే తర్వాత ఎంత బాగా ఆపరేషన్ చేసినా చూపు పూర్తిగా రాదు. లెన్స్ ముందు గదిలోకి దూకి, కన్ను ఎర్రబడి, ప్రెషర్ పెరిగితే అది అత్యవసరం. లెన్స్ చిన్నగా గుండ్రంగా ఉన్న కంట్లో పాప లెన్స్‌తో మూసుకుపోయినప్పుడు పైలోకార్పిన్ వేస్తే పరిస్థితి ఇంకా ముదురుతుంది, గుర్తుంచుకోండి.

మూడో అడుగు: ఎ ప్లాన్, బి ప్లాన్, ఇంటివాళ్ళతో మాట

స్థూలంగా నేను పాటించే లెక్క ఇది. గడియారం లెక్కలో మూడు గంటల లోపు బలహీనత ఉంటే జాగ్రత్తగా ఫేకో, అవసరమైతే బ్యాగ్‌ను లోపలి నుంచి గుండ్రంగా నిలిపే మామూలు కాప్సులర్ టెన్షన్ రింగ్, అంటే సీటీఆర్. నాలుగు గంటల దాకా సీటీఆర్ తప్పదు. నాలుగు దాటి ఆరు, ఏడు దాకా అయితే స్క్లీరాకు (కంటి తెల్లగుడ్డు పొర) కుట్టగలిగే రింగ్ గానీ సెగ్మెంట్ గానీ కావాలి. అది కూడా దాటి, లెన్స్ రెండు మూడు పోగులకు వేలాడుతుంటే బ్యాగ్‌ను కాపాడాలన్న మొండితనం వద్దు. లెన్స్ మొత్తం తీసేసి, విట్రెక్టమీ చేసి (అంటే జెల్‌ను కత్తిరించి తీసి), కృత్రిమ లెన్స్‌ను వేరే చోట నిలబెట్టడమే మేలు. బలహీనత పెరుగుతూ పోయే జబ్బుల్లో, అంటే మార్ఫాన్, సూడోఎక్స్‌ఫోలియేషన్ లాంటివాటిలో, ఈ లెక్కను ఒక మెట్టు పైకి జరపండి.

ట్రేలో ఏమేం ఉండాలో ముందురోజే చూసుకోండి: ఐరిస్ హుక్స్, వీలైతే కాప్సూల్ హుక్స్, రెండు మూడు సైజుల సీటీఆర్‌లు, కార్నియాను కాపాడే విస్కో (చిక్కటి జిగట ద్రవం), జెల్ కనిపించేలా చేసే ట్రయామ్సినలోన్, లెన్స్ పొరకు రంగు వేసే ట్రిపాన్ బ్లూ, విట్రెక్టమీ కట్టర్, త్రీ-పీస్ లెన్స్, ఐరిస్‌కు తగిలించే లెన్స్, 10-0 నైలాన్, 9-0 ప్రోలీన్ దారాలు. లెన్స్ పెట్టే చోటును బట్టి పవర్ మారుతుంది కాబట్టి బ్యాగ్‌కు ఒకటి, స్క్లీరాకు ఒకటి, ఐరిస్‌కు ఒకటి లెక్క కట్టి బోర్డు మీద రాసి పెట్టండి. టెన్షన్‌లో లెక్కలు వేసుకోవడం ఎవరికీ మంచిది కాదు.

న్యూక్లియస్ (లెన్స్ గట్టి నడిభాగం) వెనక్కి పడితే ఎవరు తీస్తారన్నది కూడా ముందే ఖాయం కావాలి. తిరుపతిలోనే రెటీనా సర్జన్లు ఉన్న పెద్ద కంటి ఆసుపత్రులు ఉన్నాయి. చిత్తూరు వాళ్ళకు వేలూరు దగ్గర. రెటీనా సర్జన్ అందుబాటులో లేని రోజు ఇలాంటి కేసు పెట్టుకోకండి. ఇంటివాళ్ళు మంచి ముహూర్తం అడిగితే సరే అనండి, ఆ ముహూర్తం రెటీనా డాక్టర్‌కు కూడా కుదరాలి.

ఇంటివాళ్ళకు మూడు మాటలు సూటిగా చెప్పండి. లెన్స్ అదేరోజు పెట్టలేకపోవచ్చు. రెండో ఆపరేషన్ పడొచ్చు. పెట్టిన లెన్స్ కొన్నేళ్ళ తర్వాత కూడా కదలొచ్చు. "ఎదురింటి ఆయనకు పది నిమిషాల్లో చేశారు కదయ్యా" అని పెద్దాయన అంటారు. ఆయన కన్ను వేరు, మీ కన్ను వేరు అని లెన్స్ బొమ్మ గీసి చూపించండి.

నాలుగో అడుగు: మత్తు, కోత, జెల్

చుక్కల మత్తు ఇలాంటి కేసులకు సరిపోదు. పెద్దవాళ్ళకు కంటి పక్కన ఇచ్చే పెరిబల్బార్ బ్లాక్, పిల్లలకు పూర్తి మత్తు. వెనుక ఒత్తిడి తగ్గించడానికి 20 శాతం మానిటాల్‌ను కిలో బరువుకి 1 గ్రాము లెక్కన ఇవ్వొచ్చు, గుండె, కిడ్నీ బాగుంటేనే. బ్లాక్ తర్వాత కంటిని గట్టిగా నొక్కి మసాజ్ చేయకండి.

కోత బలహీనమైన వైపు పెట్టకండి. పరికరం లోపలికీ బయటికీ తిరిగిన ప్రతిసారీ ఆ పక్కనే ఒత్తిడి పడుతుంది. పక్క రంధ్రాలు చిన్నగా, బిగుతుగా ఉండాలి. గది కూలిపోతే జెల్ ముందుకొస్తుంది.

లోపలికి వెళ్ళగానే తెగిన చోట కార్నియాకు అంటుకునే రకం విస్కోను కొద్దిగా పెట్టి జెల్‌ను వెనక్కి నెట్టండి. గది మొత్తం బిగుతుగా నింపేయకండి, విస్కో ఆ ఖాళీలోంచి వెనక్కి పోతుంది. జెల్ ముందే వచ్చి ఉంటే ట్రయామ్సినలోన్‌తో రంగు పట్టించి, కట్టర్‌తో కత్తిరించండి. స్పాంజితో పట్టి లాగకండి. జెల్‌ను లాగితే అటుపక్క రెటీనాను లాగినట్టే.

ట్రిపాన్ బ్లూ విషయంలో ఒక జాగ్రత్త. గదంతా నింపితే తెగిన చోటు నుంచి వెనక్కి జారి జెల్‌ను నీలం చేసేస్తుంది, రెటీనా వైపు నుంచి వచ్చే ఎర్రటి మెరుపు పోతుంది. విస్కో కింద లెన్స్ పొర మీద పూతలా పూయండి.

ఐదో అడుగు: రెక్సిస్

మొత్తం ఆపరేషన్‌లో అన్నిటికంటే ఎక్కువ ఓపిక పెట్టాల్సింది ఇక్కడ. రెక్సిస్ సరిగా వస్తే బ్యాగ్ దక్కుతుంది, చిరిగితే సీటీఆర్ ఆశ వదులుకోవాలి.

కాప్సూల్ వదులుగా ఉండటం వల్ల మొద్దు సూదితో పొడిస్తే గుచ్చుకోదు, ముడతలు పడుతుంది, లెన్స్ మొత్తం కదిలిపోతుంది. కొత్త 26 గేజ్ సూది వాడండి. పోగులు గట్టిగా ఉన్న వైపే మొదలుపెట్టండి. అక్కడి పోగులే మీకు ఎదురులాగుడు ఇస్తాయి. బలహీనమైన వైపుకు వచ్చేసరికి ఆ ఎదురులాగుడు ఉండదు. అప్పుడు రెండో చేతిలోని పరికరంతో కాప్సూల్‌ను మెల్లగా ఆనించి పట్టుకోండి. లేదంటే అప్పటిదాకా వచ్చిన అంచుకు ఒకటి రెండు హుక్స్ తగిలించి తర్వాత పూర్తిచేయండి.

రెక్సిస్ మధ్యభాగం లెన్స్ మధ్యకు సరిపోవాలి గానీ పాప మధ్యకు కాదు. లెన్స్ పక్కకు జారి ఉన్నప్పుడు కన్ను మోసపోయేది ఇక్కడే. సైజు 5 నుంచి 5.5 మిల్లీమీటర్లు ఉంటే బాగుంటుంది. మరీ చిన్నదైతే న్యూక్లియస్ తీయడం కష్టం, తర్వాత అంచు ముడుచుకుపోతుంది. సూడోఎక్స్‌ఫోలియేషన్‌లో ఈ ముడుచుకునే గుణం మరీ ఎక్కువ.

ఆరో అడుగు: హుక్స్, నీళ్ళు, న్యూక్లియస్

బలహీనమైన వైపు లింబస్ (కార్నియా, స్క్లీరా కలిసే అంచు) దగ్గర చిన్న రంధ్రాలు పెట్టి, రెక్సిస్ అంచుకు హుక్స్ తగిలించండి. ఐరిస్ హుక్స్ అంచును మాత్రమే పట్టుకుంటాయి, ఎక్కువ లాగితే అంచు చిరుగుతుంది. కాప్సూల్ హుక్స్ పొడవుగా ఉండి బ్యాగ్ అంచుదాకా చేరతాయి కాబట్టి బ్యాగ్ కూలకుండా ఆపుతాయి. డబ్బు కుదిరితే అవే మేలు. బిగింపు లెన్స్‌ను మధ్యలో నిలబెట్టేంత చాలు.

హైడ్రోడిసెక్షన్‌లో, అంటే నీళ్ళతో లెన్స్‌ను కాప్సూల్ నుంచి విడదీసే పనిలో, కక్కుర్తి వద్దు. కొద్దికొద్దిగా, రెండు మూడు చోట్ల నీళ్ళు పంపి, మధ్యమధ్యలో లెన్స్‌ను మెల్లగా అదిమి నీళ్ళు బయటకు వదిలేయండి. న్యూక్లియస్ హాయిగా తిరిగితేనే తర్వాతి పనిలో పోగుల మీద లాగుడు తగ్గుతుంది. ఒక్క పరికరంతో తిప్పకుండా రెండు చేతులతో ఎదురెదురుగా తిప్పండి.

ఫేకో మిషన్‌లో బాటిల్ ఎత్తు, ఫ్లో, వాక్యూమ్ మీరు మామూలుగా పెట్టుకునేవాటికంటే తగ్గించండి. పని నెమ్మదిగా సాగుతుంది, సాగనివ్వండి. గాడి తవ్వేటప్పుడు ముందుకు నెట్టడం కంటే, న్యూక్లియస్‌ను పట్టి రెండో చేత్తో చాప్ చేయడం పోగులకు సుఖం. లెన్స్ మెత్తగా ఉంటే విస్కోతోనే పైకి తేల్చి ముందు గదిలో పీల్చేయొచ్చు.

మన పల్లెల నుంచి వచ్చే పెద్దవాళ్ళలో గోధుమరంగుకు తిరిగిన గట్టి న్యూక్లియస్‌లే ఎక్కువ. దాన్ని బ్యాగ్‌లోనే పగలగొట్టాలని పంతం వద్దు. రెక్సిస్ పెద్దదిగా చేసి, న్యూక్లియస్‌ను ముందు గదిలోకి తెచ్చి, కార్నియాకు విస్కో పూత దట్టంగా వేసి అక్కడ ఫేకో చేయండి. లేదా స్క్లీరల్ టన్నెల్ నుంచి చిన్నకోత పద్ధతిలో బయటకు తీయండి. ఫేకో చేస్తేనే గొప్ప అన్న భావన ఈ కేసుల్లో కళ్ళు పోగొడుతుంది.

ఫేకో టిప్ బయటకు తీసేముందు రెండో చేత్తో విస్కో నింపండి. టిప్ తీసిన క్షణంలో గది కూలి జెల్ ముందుకొచ్చేది ఇక్కడే. న్యూక్లియస్ ముక్క వెనక్కి జారితే ఫేకో టిప్‌తో వెంటపడకండి. ముందు భాగంలోని జెల్ శుభ్రంచేసి, కోత మూసి, రెటీనా సర్జన్‌కు అప్పగించండి.

ఏడో అడుగు: కార్టెక్స్, రింగ్

సీటీఆర్ ఎప్పుడు పెట్టాలన్నదానికి సర్జన్లలో ఒక నానుడి ఉంది: వీలైనంత ఆలస్యంగా, అవసరమైనంత ముందుగా. ముందే పెడితే కార్టెక్స్ (న్యూక్లియస్ చుట్టూ ఉండే మెత్తటి పదార్థం) రింగ్‌కూ కాప్సూల్‌కూ మధ్య ఇరుక్కుని తీయడానికి ప్రాణం తీస్తుంది. హుక్స్ బ్యాగ్‌ను నిలబెడుతుంటే కార్టెక్స్ అయ్యాకే రింగ్ పెట్టండి. కార్టెక్స్‌ను మధ్యకు కాకుండా అంచు వెంబడి పక్కకు లాగండి. బలహీనమైన వైపు చివర్లో ముట్టుకోండి.

రింగ్ పీఎంఎంఏ అనే ప్లాస్టిక్‌తో చేసిన తెరిచిన వలయం. విడిగా 12.3 మిల్లీమీటర్లు ఉండి బ్యాగ్‌లో 10కి ముడుచుకునేది, 13 నుంచి 11కి, 14.5 నుంచి 12కి ముడుచుకునేవి వాడుకలో ఉన్నాయి. రెండు కొనలు ఒకదాని మీద ఒకటి కొంచెం రావాలి. అందుకే సందేహం వస్తే పెద్ద సైజే నయం, మయోపియాతో పొడవైన కళ్ళలో మరీనూ. మొదటి కొన బలహీనమైన దిక్కుకు వెళ్ళేలా తిప్పండి. కొనకు ఒక 10-0 దారం కట్టి ఉంచితే తేడా వస్తే వెనక్కి లాక్కోవచ్చు. రెక్సిస్ చిరిగినా, వెనుక కాప్సూల్ చిల్లుపడినా సీటీఆర్ పెట్టకూడదు. రింగ్ ఆ చిరుగును వెడల్పు చేసి వెనక్కి పోతుంది.

ఎక్కువ గంటల బలహీనతకు మామూలు రింగ్ బ్యాగ్‌ను గుండ్రంగా ఉంచుతుందే గానీ మధ్యలోకి తీసుకురాదు. అందుకే రాబర్ట్ సియోని 1998లో కుట్టడానికి కొక్కెం ఉన్న రింగ్‌ను తెచ్చారు. ఇక్బాల్ అహ్మద్ రూపొందించిన సెగ్మెంట్ 120 డిగ్రీల ముక్క. తిప్పాల్సిన పని ఉండదు, దాని రంధ్రానికి ఐరిస్ హుక్ తగిలించి తాత్కాలిక ఆసరాగా కూడా వాడుకోవచ్చు. రెండింటినీ లింబస్‌కు 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల వెనుక స్క్లీరాకు కుడతాం. 10-0 ప్రోలీన్ ఏళ్ళ తర్వాత తెగిపోతుందని తెలిసిందే, అందుకే ముఖ్యంగా పిల్లల్లో 9-0 గానీ గోర్‌టెక్స్ గానీ వాడండి.

ఎనిమిదో అడుగు: లెన్స్

బ్యాగ్ నిలబడితే అందులోనే అక్రిలిక్ లెన్స్‌ను మెల్లగా విప్పుకునేలా పెట్టండి. మల్టీఫోకల్ లెన్స్ ఊసే ఎత్తకండి, కొంచెం పక్కకు జరిగినా రోగికి నరకం.

బ్యాగ్ దక్కకపోతే దారులున్నాయి. ఐరిస్ వెనుక తగిలించే ఐరిస్ క్లా లెన్స్ తక్కువ సమయంలో, తక్కువ ఖర్చుతో అయిపోతుంది. ఐరిస్ బాగుండాలి, కోత పెద్దది. చెన్నైకి చెందిన అమర్ అగర్వాల్ 2007లో మొదలుపెట్టిన గ్లూడ్ లెన్స్ పద్ధతిలో స్క్లీరా రెక్కల కింద హాప్టిక్స్‌ను (లెన్స్‌ను నిలబెట్టే పక్క కాళ్ళు) దూర్చి జిగురుతో మూస్తారు. జపాన్ డాక్టర్ యమానే పద్ధతిలో 30 గేజ్ సూదుల ద్వారా హాప్టిక్స్‌ను బయటకు తెచ్చి, కొనను వేడితో చిన్న గుండులా చేసి స్క్లీరాలోకి నెడతారు. చూడ్డానికి సులువు, కానీ రెండు సూదులు సరిగ్గా ఎదురెదురుగా 180 డిగ్రీలలో, సమాన దూరంలో పడకపోతే లెన్స్ వాలిపోతుంది. వెట్‌ల్యాబ్‌లో (ఆపరేషన్ సాధన చేసే గది) చేతికి వచ్చాకే మనిషి కంటి మీద చేయండి.

కార్నియా మబ్బేసి, సమయం రెండు గంటలు దాటి, చేయి అలసిపోతే లెన్స్ పెట్టకుండా మూసేయండి. కొన్ని వారాల తర్వాత శాంతించిన కంట్లో పెట్టుకోవచ్చు. ఈ నిర్ణయం తీసుకోవడానికి సర్జన్‌కు సిగ్గు అడ్డురాకూడదు.

మూసేముందు జెల్ పోగు కోతలో ఇరుక్కుందేమో చూసి, విస్కో మొత్తం కడిగి, అనుమానం ఉన్న ప్రతి కోతకూ 10-0 నైలాన్ కుట్టు వేయండి.

తర్వాతి రోజులు

మర్నాడు ముందు చూడాల్సింది ప్రెషర్. మిగిలిపోయిన విస్కో వల్ల బాగా పెరగొచ్చు. స్టెరాయిడ్ చుక్కలు నాలుగు నుంచి ఆరు వారాలు తగ్గిస్తూ. నెల లోపు పాప విప్పి రెటీనా అంచులదాకా చూడాలి. మెరుపులు, నల్లటి చుక్కల వాన, తెర దిగినట్టు ఉంటే అదేరోజు రమ్మని ఇంటివాళ్ళకు చెప్పండి.

మన ఊళ్ళో ఇంకో సంగతి చెప్పకపోతే కుదరదు. కన్ను బాగైతే కొండకు నడిచి వస్తానని, తలనీలాలు ఇస్తానని మొక్కుకుంటారు. అలిపిరి మెట్లు 3,550. బరువు మోస్తూ ఎక్కడం, గుండు గీయించుకునేటప్పుడు తల వంచడం, తలమీద నుంచి నీళ్ళు, పుష్కరిణి స్నానం ఇవన్నీ మీరు చూసి సరేననేదాకా వాయిదా వేయమనండి. ఇంటికి వెళ్ళేముందే ఈ మాట చెప్పాలి, లేకపోతే మర్నాడే మెట్ల దగ్గర ఉంటారు.

సూడోఎక్స్‌ఫోలియేషన్ ఉన్నవాళ్ళు ఏడాదికోసారి జీవితాంతం రావాలి. సీటీఆర్ పెట్టినా జబ్బు ఆగదు, ఏడెనిమిదేళ్ళ తర్వాత బ్యాగ్, రింగ్, లెన్స్ అన్నీ కలిసి జారిన కేసులు ఉంటాయి. పిల్లల్లో ఆపరేషన్ సగం పని. అద్దాలు, కన్ను మూసి చేయించే ప్యాచింగ్ మిగతా సగం. మార్ఫాన్ తేలిన బిడ్డ ఉంటే తల్లిదండ్రులకు, తోబుట్టువులకు కళ్ళూ గుండె ఎకో రెండూ చూపించాలి. హోమోసిస్టిన్యూరియా అయితే తోబుట్టువుల రక్తపరీక్షకు అదే చీటీ మీద రాసివ్వండి.